మావయ్య కంప్యూటర్ మారింది, అలవాటు మారలేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పాత జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారమ్మా, నువ్వు మాత్రం రిటైరైన మన మాస్టార్లకి, మన ఇళ్లలో పెద్దవాళ్లకి పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అన్నారు. అందుకని ఈ విషయం ఎంచుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు వాడే పాత కంప్యూటర్‌ని పారేయకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా మార్చుకోవచ్చు, మార్చేటప్పుడు దేన్ని మాత్రం మార్చకూడదు అన్నది చెబుతాను. నేను కంప్యూటర్ ఇంజనీరును కాను, బ్యాంకు ఉద్యోగిని. నేను చేయగలిగాను కాబట్టి ఈ హాల్లో ఉన్న ఎవరైనా చేయగలరు అన్న ధైర్యంతో మాట్లాడుతున్నాను.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పాలి? మన ఇళ్లలో చాలా కంప్యూటర్లు విండోస్ 10 మీద నడుస్తున్నాయి. 2025 అక్టోబరు 14తో ఆ విండోస్‌కి కంపెనీ మామూలు మద్దతు ఆగిపోయింది. ఇంటి వాడకందార్లు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మతులు ఇస్తామన్నారు, అదీ ఒక ఏడాది గడువే. మద్దతు ఆగిందంటే కంప్యూటర్ ఆగిపోదు. పెంకుటిల్లు అనుకోండి. ఇల్లు కూలదు, కానీ పెంకు జారితే సర్దడానికి ఎవరూ రారు. ఇకమీదట బయటపడే కంతలన్నీ అలాగే ఉండిపోతాయి. పెన్షన్ ఖాతా చూసుకునే కంప్యూటర్‌కి అది మంచిది కాదు.

మరి విండోస్ 11 వేసుకోవచ్చు కదా అంటారు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, జాబితాలో ఉన్న ప్రాసెసరు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలుపెట్టి పైవే ఆ జాబితాలో ఉన్నాయి. అంటే 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో చాలావాటికి అర్హత లేదు. యంత్రం బాగానే ఉంటుంది, తెర బాగానే ఉంటుంది, కీబోర్డు బాగానే ఉంటుంది. అయినా "ఇది పనికిరాదు, కొత్తది కొనండి" అన్న మాట వినిపిస్తుంది.

మా మావయ్య విషయంలో సరిగ్గా అదే జరిగింది. మావయ్య తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. వయసు 78. తెనాలిలో అత్తయ్యా ఆయనా ఉంటారు. 2014లో షాపులో విడిభాగాలు కూర్చి చేయించుకున్న కంప్యూటర్ ఆయనది, 4 జీబీ మెమొరీ. ఆన్ చేస్తే విండోస్ లేచేలోపు కాఫీ తాగి రావచ్చు. అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి, "నాన్నా, అది పారేయండి, కొత్త ల్యాప్‌టాప్ పంపిస్తాను" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. మావయ్య నాతో, "యంత్రాన్ని పారేయమంటాడు సరే, అందులో ఉన్నదాన్ని ఏం చేయమంటాడే?" అన్నారు.

అందులో ఉన్నది ఏమిటంటే, ఇరవై ఏళ్లుగా ఆయన టైపు చేసుకున్న రాతలు. నూట ఎనభై దాకా ఫైళ్లు. పాత కంప్యూటర్ నుంచి ఈ కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నవి కూడా ఉన్నాయి. ఊరి చెరువుల పేర్లు, పొలాల పేర్లు, ఏ ఇంటిపేరువాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు, అప్పగింతలప్పుడు ఏ పేటలో ఏ పాట పాడేవారు, అన్నీ పెద్దవాళ్లని అడిగి రాసుకున్నారు. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ ఫైళ్లు పోతే మళ్లీ అడగడానికి మనుషులు లేరు. నేను ఈ పనిలో దిగడానికి కారణం అది. లినక్స్ మీద మోజు కాదు.

ముందు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో రెండు మాటలు. ఇంగ్లీషులో దీన్ని చెప్పడం కష్టం. డబ్బు కట్టక్కర్లేదు అన్నదానికీ స్వేచ్ఛ ఉంది అన్నదానికీ వాళ్లకు ఒకటే మాట, ఫ్రీ. మనకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉచితంగా ఇచ్చిందల్లా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకునే స్వేచ్ఛ, నకలు తీసి పక్కవాళ్లకి ఇచ్చే స్వేచ్ఛ, మార్చినదాన్ని కూడా పంచుకునే స్వేచ్ఛ, ఈ నాలుగూ ఉండాలి. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1983లో ఈ ఉద్దేశంతో గ్నూ అనే పనిని ప్రకటించారు. 1991 ఆగస్టులో ఫిన్లాండులో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి, తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి నలుగురికీ తెలియజేశాడు. అదే లినక్స్. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది కూడా లినక్సే. కాబట్టి మనలో ఎవరికీ ఇది బొత్తిగా కొత్త కాదు.

అమ్మ చేతి ఆవకాయ కొలత అడిగితే చెబుతుంది. మనం వేరే ఊరు వెళ్లి కారం కొంచెం తగ్గించుకుని పెట్టుకుంటాం. పక్కింటావిడకి కూడా రాసిస్తాం. ఎవరూ వచ్చి కేసు పెట్టరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే అంతే. షాపులో సీసా కొంటే ఊరగాయ వస్తుంది గానీ కొలత రాదు.

అయితే ఈ మాటలన్నీ మావయ్యకు నేను మొదటిరోజు చెప్పలేదు. 78 ఏళ్ల మనిషికి కావలసింది సిద్ధాంతం కాదు. ఆయనకు కావలసింది, నిన్న చేసిన పని ఇవాళ కూడా చేసుకోగలగడం. పెద్దవాళ్ల కంప్యూటర్ ముట్టుకునే పిల్లలందరూ మొదట ఒప్పుకోవలసిన సంగతి, ఆ కంప్యూటర్ మనది కాదు. ఆయన గుర్తులు, ఆయన వరస, ఆయన చేతివాటం అందులో ఉంటాయి. మనకు అడ్డదిడ్డంగా కనిపించే డెస్క్‌టాప్ ఆయనకు పూజగది అల్మరా లాంటిది. కళ్లు మూసుకున్నా ఏది ఎక్కడుందో తెలుసు.

అందుకని మొదటి ఆదివారం వెళ్లి ఏమీ చేయలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయన ఏం చేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆరు పనులు తేలాయి. పొద్దున్నే పేపరు చదవడం. ఈమెయిల్ చూడటం. బ్యాంకు వెబ్‌సైటులో పెన్షన్ పడిందో లేదో చూసుకోవడం. మనవరాలితో వీడియోలో మాట్లాడటం. తెలుగులో టైపు చేసి ప్రింటు తీసుకోవడం. సాయంత్రం అత్తయ్య ప్రవచనాలు వినడం. ఏడోది అత్తయ్యే చెప్పింది. "నా పేకముక్కల ఆట పోయిందంటే మాత్రం ఊరుకోను" అంది. పెద్దవాళ్ల కంప్యూటర్ మార్చాలనుకునేవాళ్లు మొదట చేయవలసిన పని ఈ జాబితా రాయడం. జాబితాలో ఉన్న ఒక్క పని కొత్తదాంట్లో కుదరకపోయినా, మిగతావి ఎంత బాగున్నా లాభం లేదు.

రెండో పని నకళ్లు. ఫైళ్లు, ఫోటోలు, బ్రౌజరులో దాచుకున్న చిరునామాలు, తెలుగు ఫాంట్లు, అన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాం. ఒక నకలు ఆయన దగ్గర, ఇంకొకటి నా దగ్గర. నకలు తీయడంతో సరిపోదు, వేరే కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. పాస్‌వర్డులు ఆయనకు గుర్తున్నాయో లేదో కూడా ముందే చూసుకోవాలి. చాలామందికి బ్రౌజరుకే గుర్తుంటాయి, మనిషికి ఉండవు.

మూడోది, తొందరపడకపోవడం. లిబ్రే ఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, ఈమెయిల్ కోసం థండర్‌బర్డ్, ఇవన్నీ విండోస్‌లో కూడా నడుస్తాయి. లిబ్రే ఆఫీస్ 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. వర్డ్ ఫైళ్లను తెరుస్తుంది, వర్డ్ ఫైళ్లుగానే దాస్తుంది. వీడియోలు చూసే వీఎల్‌సీ ఫ్రాన్సులో ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల చేతిలో మొదలైంది. వీటిని ముందు ఆయన పాత విండోస్‌లోనే పెట్టి, రెండు నెలలు వాడనిచ్చాను. నేల మార్చేముందు సామాను మార్చడమన్నమాట. తర్వాత నేల మారినా సామాను తెలిసినదే కాబట్టి కంగారు ఉండదు. ఈ రెండు నెలలే ఈ పనికి ప్రాణం అని నా నమ్మకం.

నాలుగోది, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడటం. ఇది చాలామందికి తెలియదు. లినక్స్‌ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి లేవమంటే, హార్డ్ డిస్క్‌లో అక్షరం ముట్టుకోకుండా మొత్తం నడుస్తుంది. కొంచెం నెమ్మదిగా ఉంటుంది, అంతే. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవి మాత్రం చెరిగిపోతాయి, కాబట్టి ఖాళీది వాడాలి. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, ప్రింటరు కదులుతోందా అన్నీ అప్పుడే చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే ఎప్పటి విండోస్ అప్పటిలాగే వస్తుంది. పెళ్లిచూపుల్లాంటిది. చూసి వచ్చామంటే పెళ్లి చేసుకోవాలని లేదు.

లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. డెబియన్ 1993 నుంచి, ఉబుంటు 2004 నుంచి, లినక్స్ మింట్ 2006 నుంచి ఉన్నాయి. నేను మింట్ ఎంచుకున్నాను. కారణం ఒక్కటే. కింద ఎడమవైపు మెనూ, కుడివైపు గడియారం, మధ్యలో తెరిచిన కిటికీలు, అంతా ఆయన అలవాటుకు దగ్గరగా ఉంటుంది. దానికి కనీసం 2 జీబీ మెమొరీ కావాలి, 4 జీబీ ఉంటే హాయి. పాత యంత్రాలకు ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం కూడా ఉంది. మింట్ 22 వరసకు 2029 దాకా మరమ్మతులు వస్తాయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించాం. వేగం విషయంలో దీనికి మించిన వైద్యం లేదు. కొత్త కంప్యూటర్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా చిన్నది. పాత డిస్క్‌ని కవర్లో పెట్టి బీరువాలో దాచాం.

ఇక అసలు కష్టం తెలుగు దగ్గర వచ్చింది. ఇక్కడ కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఈ హాల్లో ఉన్న మాస్టార్లలో చాలామందికి ఇదే కష్టం ఉంటుంది.

అప్పట్లో డీటీపీ సెంటర్లలో వాడిన తెలుగు ఫాంట్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదు. కంప్యూటర్‌కి అది ఇంగ్లీషే. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, వత్తు ఇంకో గదిలో. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు లేని చోట పిచ్చి ఇంగ్లీషు కనిపిస్తుంది. అప్పటి యంత్రాల పరిమితుల్లో అది తెలివైన ఉపాయమే, ఎన్నో పుస్తకాలు, పెళ్లిశుభలేఖలు దానితోనే అచ్చయ్యాయి. కానీ అలా రాసినదాంట్లో తెలుగు మాట పెట్టి వెతకలేం. వేరే యంత్రానికి పంపలేం. ఆ ఫాంటు పోతే రాత పోయినట్టే.

యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంతంగా 128 గదులు కేటాయించారు. అంటే లినక్స్, తెలుగు యూనికోడ్ ఒకే ఏడాది పుట్టాయి. యూనికోడ్‌లో 'అ' అంటే ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా 'అ'. ఫాంటు మారితే అక్షరం అందం మారుతుంది గానీ అక్షరం మారదు.

పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. అయితే యంత్రం మార్చినదాన్ని మనిషి చదవాల్సిందే. వత్తులు ఒకచోటివి ఇంకోచోట పడతాయి. అరసున్న ఎగిరిపోతుంది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు కూడా తెలుగు అనుకుని ఏవో వింత అక్షరాలైపోతాయి. మావయ్య పాత ప్రింటు కాగితం పట్టుకుని పైకి చదివేవారు, నేను తెర మీద సరిచేసేదాన్ని. ఆదివారానికి ఆరేడు ఫైళ్లు. ఉగాది తర్వాత మొదలుపెడితే వినాయక చవితికి అయ్యింది. పాత విండోస్ పనిచేస్తుండగానే ఇది పూర్తిచేసి, ఆ తర్వాతే లినక్స్ ఎక్కించాం. ఈ వరస తప్పకూడదు.

టైపు చేసే పద్ధతి ఇంకో చిక్కు. ఆయన వేళ్లకు డీటీపీ సెంటర్లో నేర్చుకున్న యాపిల్ కీబోర్డు అలవాటు. 78 ఏళ్ల వయసులో కొత్త కీబోర్డు నేర్చుకోమని చెప్పే హక్కు నాకు లేదు. లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ అనేవి ఉన్నాయి. వాటిలో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్, ఇన్ని పద్ధతులు దొరుకుతాయి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఆర్‌టీఎస్ నాకు, యాపిల్ ఆయనకు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు, మా మావయ్యలాంటివాళ్ల వేళ్లని తలుచుకుని, జీతం లేకుండా కూర్చుని ఈ పట్టికలు రాసిపెట్టారు. అక్కడక్కడ ఒకటి రెండు కీలు తేడా వస్తే కీబోర్డు మీద చిన్న కాగితం అంటించాం. ఫాంట్లకూ లోటు లేదు. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ఎన్‌టీఆర్ లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతున్నాయి. ఆయన రాతలకు సూరన్న ఎంచుకున్నారు. "పింగళి సూరన పేరు మీద రాసుకోవడం బాగుంది" అన్నారు.

మెనూలు తెలుగులో పెట్టనా అని అడిగాను. తెలుగు పండితులు కదా, సంతోషిస్తారనుకున్నాను. ఆయన కొంచెం ఆలోచించి, "వద్దమ్మాయ్. ఏదైనా ఆగిపోతే నేను ఫోన్ చేసేది మీకే కదా. మీరు ఇంగ్లీషులో ఏమంటారో నేనూ అదే అనాలి" అన్నారు. సహాయం చేసేవాళ్లకీ తీసుకునేవాళ్లకీ మాటలు ఒకటే ఉండాలన్న సంగతి ఏ కంప్యూటర్ పుస్తకంలో చెప్పినా ఇంత బాగా చెప్పలేరు.

ఎక్కించడానికి పట్టింది గంటలోపే. ఆ తర్వాత సగంరోజు సర్దడానికి పట్టింది. అక్షరాలు పెద్దవి చేశాం. ఏడు పనులకు ఏడు గుర్తులు, ఆయన పాత డెస్క్‌టాప్‌లో ఏ వరసలో ఉండేవో అదే వరసలో పెట్టాం. పేకముక్కల ఆట రెండోదిగా ఉంది, అది అత్తయ్య ఆజ్ఞ. ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం: డాలు బొమ్మ మీద చుక్క కనిపిస్తే అప్‌డేట్ నొక్కాలి, పాస్‌వర్డ్ ఎప్పుడు అడుగుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి. టైమ్‌షిఫ్ట్ అనే ఏర్పాటు కూడా పెట్టాం. వ్యవస్థ ఏదైనా చెడిపోతే నిన్నటి స్థితికి తీసుకువెళుతుంది. అయితే అది వ్యవస్థకే. మన రాతలకూ ఫోటోలకూ బయటి నకలు వేరే ఉండాల్సిందే.

మంచి మాత్రమే చెబితే అది అమ్మకం అవుతుంది. కాబట్టి కుదరనివి కూడా చెబుతాను. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లకు ఇది పనికిరాదు, లేదా విండోస్‌ని పక్కన ఉంచుకోవాలి. డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టి పనిచేసేవాళ్లు, వేలిముద్ర పరికరాలు వాడేవాళ్లు ముందే పరీక్షించుకోవాలి. కొన్ని చిన్న లేజర్ ప్రింటర్లకు లినక్స్‌లో డ్రైవర్ దొరకడం కష్టం, కొన్ని తగిలించగానే పనిచేస్తాయి. ఫోటోషాప్ మీద బతికేవాళ్లని మార్చమని నేను చెప్పను. పెన్షనర్ల సంగతికి వస్తే, ఆదాయపు పన్ను రిటర్ను బ్రౌజరులోనే వేసుకోవచ్చు. నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు, దానికి కంప్యూటరే అక్కర్లేదు.

ఇంకో హెచ్చరిక. లినక్స్‌కి వైరస్ బెడద తక్కువ అన్నది నిజమే. కానీ మోసగాడు పట్టుకునేది యంత్రాన్ని కాదు, మనిషిని. ఒకసారి మావయ్య తెర మీద ఎర్ర కిటికీ ఒకటి వచ్చి, "మీ కంప్యూటర్‌కి ప్రమాదం, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని కేకలు పెట్టింది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ప్లగ్గు పీకేసింది. ఆరోజు దేశంలో అంతకంటే మంచి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లేదు! ఓటీపీ అడిగినా, మీ కంప్యూటర్‌ని మేం దూరం నుంచి బాగుచేస్తాం అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా సరే, ఫోన్ పెట్టేయండి. మాస్టార్లందరికీ చేతులు జోడించి చెబుతున్నాను.

మార్చిన తర్వాత మొదటి నెల్లో మావయ్య తొమ్మిది సార్లు ఫోన్ చేశారు. రెండో నెల్లో మూడుసార్లు. ఆ తర్వాత ఫోన్ చేస్తే కంప్యూటర్ కోసం కాదు, "పండక్కి వస్తున్నావా" అని అడగడానికి. ఎక్కించి వెళ్లిపోవడం సాయం కాదు. మొదటి నెల ఫోన్లు ఎత్తడమే సాయం. ఫోన్ ఎత్తే తీరిక లేనివాళ్లు పెద్దవాళ్ల కంప్యూటర్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఒకరోజు ఆయన వెతికే పెట్టెలో 'దిబ్బ' అని టైపు చేశారు. తుమ్మల దిబ్బ, పాటి దిబ్బ, కుమ్మరి దిబ్బ, ఎప్పుడెప్పుడో ఎవరెవరో చెబితే రాసుకున్నవన్నీ పదిహేను ఫైళ్లలోంచి వరసగా వచ్చాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇన్నాళ్లూ ఇవి మూగవి" అన్నారు. ఇప్పుడు ఆ రాతలు వాళ్లబ్బాయి దగ్గర అమెరికాలో ఉన్నాయి, నా దగ్గర ఉన్నాయి, ఊళ్లో పంచాయతీ ఆఫీసు కుర్రాడి ఫోన్‌లో ఉన్నాయి. ఏ యంత్రం పోయినా అవి పోవు.

ఇక మన సంఘం ముందు మూడు కోరికలు పెట్టి ముగిస్తాను.

ఒకటి. కేరళ ప్రభుత్వ పాఠశాలలు 2000 దశకం నుంచే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాయి. మన హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ విద్యార్థులతో కలిసి ఎన్నో ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. కాబట్టి మన బడి ల్యాబులో మూలన పెట్టిన పాత కంప్యూటర్లను తుక్కు కింద అమ్మేముందు, ఒక్కసారి పెన్‌డ్రైవ్ పెట్టి చూద్దాం. లేచినవాటిని పిల్లలకు ఇద్దాం.

రెండు. రిటైరైన మన గురువుల ఇళ్లకు వెళ్లడానికి పదిమంది పేర్లు ఇవ్వండి. ఒక్కొక్కరు ఒక మాస్టారినో, ఒక టీచర్‌గారినో చూసుకుంటే చాలు. మొదటి ఆదివారం వెళ్లి ఏమీ చేయకుండా పక్కన కూర్చుని జాబితా రాయండి. మనకు అక్షరం నేర్పేటప్పుడు వాళ్లు ఎంత ఓపిక పట్టారో, అందులో పదోవంతు చాలు.

మూడు. మన సంఘం పాత సంచికలు, సభ్యుల పట్టికలు, గురువుల పరిచయాలు చాలావరకు ఆ పాత ఫాంట్లలోనే ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, చదివి సరిదిద్దుదాం. ఈ స్వర్ణోత్సవ సంచిక రాతప్రతిని కూడా యూనికోడ్‌లోనే భద్రపరచమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. ఇంకో యాభై ఏళ్లకు వజ్రోత్సవం దాటి శతాబ్ది చేసుకునేవాళ్లు మన పేర్లు వెతికితే దొరకాలి కదా.